కెమేరాకూ లెన్సుకూ పొత్తు కుదరనప్పుడు

పెళ్ళిపందిట్లో ఏదైనా ఆలస్యం కావచ్చు. వంటవాళ్ళు ఆలస్యం చేయవచ్చు; మగపెళ్ళివారి బస్సు దారిలో నిలిచిపోవచ్చు. కాని ముహూర్తం మాత్రం ఎవరికోసమూ ఆగదు. పురోహితుడు గట్టిమేళమంటాడు, అక్షతలు లేస్తాయి, పెళ్ళికొడుకు మూడు ముళ్ళూ వేస్తాడు. అంతా కలిపి అరనిమిషం. సరిగా ఆ అరనిమిషంలో ఫోటోగ్రాఫరు మీట నొక్కితే కెమేరా మొరాయించిందనుకోండి. వెనకనున్న చిన్న తెరమీద ఒక అంకె, దాని పక్కన రెండు ముక్కలు కనిపిస్తాయి: లెన్సుకూ కెమేరాకూ సంబంధం కుదరడం లేదు, కాంటాక్టులు శుభ్రం చేయండి అని.

ఇలాంటప్పుడు మనుషులు రెండు విధాలుగా ప్రవర్తిస్తారు. కొందరు కెమేరా చచ్చిపోయిందని నిర్ణయించుకుని, మర్నాడే కొత్తది కొనడానికి అప్పుకోసం బయలుదేరతారు. మరికొందరు ఇంట్లో ఉన్న స్క్రూడ్రైవరు తీసుకుని కూర్చుంటారు. మొదటివారు డబ్బు పోగొట్టుకుంటారు, రెండోవారు కెమేరానే పోగొట్టుకుంటారు. నిజానికి ఈ జబ్బుకు కారణం చాలాసార్లు వేలిముద్రంత మురికి. కొండను తవ్వి ఎలుకను పట్టడమెందుకు? ముందు ఎలుక ఎక్కడ తిరుగుతుందో చూస్తే చాలు. అలా చూడడానికి ఒక వరస ఉంది. ఆ వరస తెలిస్తే ఎవరైనా పది నిమిషాల్లో సగం సంగతి తేల్చుకోవచ్చు.

పొత్తు ఎలా కుదురుతుంది?

పూర్వం ఈ బాధ లేదు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫోటోగ్రాఫరుగా పేరు పొందిన రాజా దీన్ దయాళ్ (1844-1905) కాలంలో కెమేరా అంటే పెద్ద చెక్కపెట్టె. దాని ముందు ఇత్తడి గొట్టంలో బిగించిన లెన్సు, వెనక గాజు పలక. ఆ రెంటికీ మధ్య వెలుతురు తప్ప మరేమీ ప్రయాణం చేసేది కాదు. తరవాత లెన్సులు మార్చుకునే చిన్న కెమేరాలు వచ్చాయి. 1959లో జపానులో నికాన్ ఎఫ్ వచ్చినప్పుడు కూడా లెన్సుకూ కెమేరాకూ నడుమ నడిచినవి చిన్న మీటలూ కొక్కేలూ మాత్రమే.

1987లో కేనన్ కంపెనీ ఈఓఎస్ కెమేరాలతో ఈ పద్ధతిని పూర్తిగా మార్చివేసింది. మీటలన్నీ తీసేసి, ఫోకసు తిప్పే మోటారునూ, వెలుతురు ద్వారాన్ని చిన్నదీ పెద్దదీ చేసే యంత్రాన్నీ లెన్సులోనే పెట్టింది. కెమేరా ఇచ్చే ఆజ్ఞలన్నీ బంగారు పూత పూసిన చిన్న చిన్న కాంటాక్టుల ద్వారా విద్యుత్తుగా పోతాయి. 2018లో వచ్చిన కొత్త తరం అద్దంలేని కెమేరాల్లో ఈ కాంటాక్టుల సంఖ్య ఇంకా పెరిగింది. కేనన్ ఆర్ఎఫ్ పద్ధతిలో 12, నికాన్ జడ్ పద్ధతిలో 11.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి కనక నాకు దీనికి వెంటనే తోచే పోలిక సంధి. పూర్వపదమూ పరపదమూ ఒకదాని కొకటి ఆనుకుని ఉన్నప్పుడే సంధి జరుగుతుంది. మధ్యలో ఊపిరి తీసుకుంటే సంధి లేదు. ఇక్కడా అంతే. కెమేరాలో స్ప్రింగుల మీద నిలిచిన చిన్న సూదులు, లెన్సు వెనక ఉన్న బల్లపరుపు బిళ్ళలకు ఆనుకోవాలి. నడుమ చెమటజిడ్డు చేరినా, ఉప్పు పేరుకున్నా, లెన్సు వెంట్రుకవాసి పక్కకు తిరిగి ఉన్నా మాట అవతలికి చేరదు. అందులో పన్నెండింటికి ఒక్కటి అంటకపోయినా చాలు, కెమేరా సమ్మె కడుతుంది.

ముందు చూడవలసినవి

మొట్టమొదట కెమేరా స్విచ్చి ఆపండి. బ్యాటరీ తీసి, ఒక నిమిషం ఆగి, నిండుగా చార్జి చేసిన మరో బ్యాటరీ వేసి చూడండి. బరువైన జూమ్ లెన్సులకు శక్తి ఎక్కువ కావాలి. నీరసించిన బ్యాటరీతో అవి సరిగా కదలవు. ఆ తప్పు లెన్సు మీదికి పోతుంది.

రెండవది, లెన్సు పూర్తిగా కూర్చున్నదా అని చూడాలి. చాలామంది హడావిడిలో లెన్సును ముప్పాతిక వంతు తిప్పి వదిలేస్తారు. "టక్" మని తాళం పడిన చప్పుడు వినిపించాలి. ఇందులో ఒక తిరకాసు ఉంది. కెమేరాకు ఎదురుగా నిలబడి చూస్తే కేనన్ లెన్సు గడియారపు ముల్లు తిరిగే వైపుకు బిగుసుకుంటుంది, నికాన్ లెన్సు దానికి ఎదురు వైపుకు బిగుసుకుంటుంది. రెండు కంపెనీల సరుకూ వాడే ఇళ్ళలో చెయ్యి తడబడడం సహజం. అంచేత బిగించిన తరవాత ఒకసారి మెల్లగా రెండు వైపులకూ కదిపి చూడడం మంచి అలవాటు.

మూడవది, అది జబ్బా, లేక కెమేరా అడుగుతున్న ప్రశ్నా? నికాన్ కెమేరాలకు పాతకాలపు లెన్సు బిగిస్తే తెరమీద ఒక్కొక్కప్పుడు "ఎఫ్ ఈ ఈ" అనే మూడక్షరాలు వెలుగుతాయి. లెన్సు పాడైందని కంగారుపడి అమ్మేసుకునేవారున్నారు. దాని అర్థం వేరు. లెన్సు మీదనున్న ఎఫ్ అంకెల చట్రాన్ని అన్నిటికన్న పెద్ద అంకె దగ్గరకు, అంటే 16గాని 22గాని ఉన్న చోటికి, తిప్పి తాళం వేయమని అది కోరుతోంది. అక్షరాలకు బదులు ఎఫ్ పక్కన రెండు గీతలు కనిపిస్తే, ఆ లెన్సులో విద్యుత్ భాగమే లేదనో, లేదా కాంటాక్టు అందలేదనో తెలుసుకోవాలి.

అలాగే తాతలనాటి లెన్సుకు అతుకు రింగు తగిలించి కొత్త అద్దంలేని కెమేరాకు పెడితే, కెమేరా అసలు లెన్సే లేదని వాదించి మీట పని చేయనీయదు. దాని తప్పేమీ లేదు. ఆ లెన్సుకు మాట్లాడే నోరు లేదు. కెమేరా మెనూలో "లెన్సు లేకపోయినా ఫోటో తియ్యి" అనే అర్థం వచ్చే అంశం ఒకటుంటుంది. దాన్ని సమ్మతిస్తే తగవు తీరిపోతుంది.

కాంటాక్టులు తుడిచే తీరు

ఇవన్నీ చూశాక కూడా తెరమీది మాట పోకపోతే అప్పుడు శుభ్రం చేసే పని. స్విచ్చి ఆపి, ఫ్యాను కూడా ఆపి, కెమేరా నోరు నేలవైపుకు ఉండేట్టు పట్టుకుని లెన్సు తీయండి. నోరు పైకి పెడితే గదిలోని దుమ్మంతా లోపల కాపరం పెడుతుంది. లెన్సును తలకిందులుగా మెత్తటి గుడ్డమీద ఆనించి, వెనకనున్న బంగారురంగు బిళ్ళలను మొదట పొడిగా, నూగు రాలని మెత్తని గుడ్డతో రెండు మూడుసార్లు మెల్లగా తుడవండి. చాలాసార్లు ఇంతటితోనే పని జరిగిపోతుంది.

జిడ్డు వదలకపోతే మందుల షాపులో గాని ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే చోట గాని దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెచ్చుకోండి. నూటికి 99 పాళ్ళు ఉన్నది కావాలి. 70 పాళ్ళ సరుకులో మిగిలినదంతా చాలావరకు నీళ్ళే. దాన్ని లెన్సు మీద పోయకూడదు. గుడ్డ కొసకు ఒక్క చుక్క తగిలించి, ఆ కొసతో తుడవాలి. నిమిషంలో ఆరిపోతుంది. కెమేరా వైపున్న సూదులు స్ప్రింగుల మీద ఉంటాయి కనక ఆ వైపు చెయ్యి మరీ తేలికగా ఉండాలి. దూదిపోగు వాటికి చిక్కుకుంటే మళ్ళీ అదొక బాధ.

చేయకూడనివి మూడు. గరుకు కాగితం ముట్టుకోవద్దు. బంగారు పూత ఎంత పలచనిదో తలుచుకుంటే ఆ పని చేయబుద్ధి కాదు. పెన్సిలు రబ్బరు మీద కొందరికి గురి ఎక్కువ. అదీ రాపిడి పెట్టేదే, పైగా దాని పొట్టు లోపల రాలుతుంది. వేలితో తుడవడం అసలే వద్దు. వేలిమీది ఉప్పూ జిడ్డూయే కదా ఈ గొడవకు మూలం!

అయినా కుదరకపోతే

అప్పుడు రోగి ఎవరో తేల్చాలి. ఇందుకు స్నేహితుల దగ్గర మరో లెన్సు అడిగి తెచ్చుకోండి. ఆ లెన్సు మీ కెమేరాకు పనిచేసి, మీ లెన్సు మరొకరి కెమేరాకు కూడా పనిచేయకపోతే తప్పు లెన్సుది. ఏ లెన్సు పెట్టినా పనిచేయకపోతే తప్పు కెమేరాది. ఇంత చిన్న పరీక్ష చేయకుండా బాగుచేసేవాడి దగ్గరకు వెళితే, వాడు చెప్పినదే వేదమవుతుంది.

లెన్సుదే తప్పని తేలితే ఇంకొక పరీక్ష ఉంది. వెలుతురు ద్వారాన్ని పూర్తిగా తెరిచి, అంటే లెన్సు మీద రాసి ఉన్న చిన్న ఎఫ్ అంకె దగ్గర పెట్టి, ఒక ఫోటో తీయండి. తరవాత ఎఫ్ 8 దగ్గర పెట్టి తీయండి. మొదటిది చక్కగా వచ్చి రెండోదానికి కెమేరా మొరాయిస్తే, మురికి కారణం కాదు. ద్వారాన్ని మూసే రెక్కలకు గాని, వాటికి ఆజ్ఞ చేర్చే పలచని తీగపట్టీకి గాని దెబ్బ తగిలిందని అర్థం. జూమ్ తిప్పినప్పుడల్లా ఈ పట్టీ మడతపడి విప్పుకుంటుంది. ఏళ్ళ తరబడి వాడితే అక్కడే చిట్లుతుంది. జూమ్ ఒక కొసన ఉంటే పనిచేసి మరో కొసన పనిచేయకపోయినా అనుమానం ఆ పట్టీ మీదనే.

మా ఊళ్ళో పాతికేళ్ళుగా స్టూడియో నడుపుతున్న ఒకాయనకు ఇదే జరిగింది. వరసగా ముహూర్తాలున్న రోజులు. లెన్సు సరిగా సంగీతు రాత్రి మొరాయించింది. తెల్లవారి ఒక దుకాణంలో చూపిస్తే, కెమేరాయే పోయింది, కొత్తది తీసుకోమన్నారు. చేతిలో అంత డబ్బు లేదు. కూతురి కాలేజీ ఫీజు కట్టవలసిన నెల. ఆయన తొందరపడకుండా ఇంటికి వచ్చి, ఇప్పుడు చెప్పిన రెండు ఫోటోల పరీక్ష చేశాడు. పూర్తిగా తెరిచి పెడితే కెమేరా నిక్షేపంగా పనిచేసింది. ద్వారం పూర్తిగా తెరిచి ఉంచితే రెక్కలు కదలవలసిన పని లేదు, కదలకపోతే తగవూ లేదు! ఆ సాయంత్రం పెళ్ళంతా అలాగే తీశాడు. గుంపు ఫోటోల్లో వెనక వరస వాళ్ళు మసకబారకుండా, అందరినీ ఒకే వరసలో నిలబెట్టుకున్నాడు. పెళ్ళి అయ్యాక లెన్సును మరొకచోట ఇచ్చి ఆ పట్టీ ఒక్కటీ మార్పించుకున్నాడు. కెమేరా ఇప్పటికీ ఆయన మెడలోనే ఉంది, అమ్మాయి చదువూ సాగుతోంది.

అయితే పట్టీ మనమే మార్చుకుందామని సరదా పడవద్దు. లెన్సు విప్పితే గాజుల మధ్య దూరాలు మారిపోతాయి. కెమేరా విప్పితే మరో ప్రమాదం. ఫ్లాష్ ఉన్న కెమేరాలో కెపాసిటరు ఉంటుంది, అందులో సుమారు 300 వోల్టుల విద్యుత్తు దాగి ఉంటుంది. బ్యాటరీ తీసేసినా అది కొంతకాలం అక్కడే ఉండి, ముట్టుకున్నవాణ్ణి గట్టిగా కొడుతుంది. తుడవడం వరకు మన పని, స్క్రూ విప్పడం తెలిసినవారి పని. ఈ గీత దాటకపోవడమే తెలివి.

గాజు తుడవడంలో గుట్టు

కాంటాక్టుల సంగతి అయింది. ఇక గాజు. లెన్సును పక్కకు వంచి చూస్తే ఊదారంగో, ఆకుపచ్చో మెరుస్తుంది. అది గాజు రంగు కాదు, దానిమీద వేసిన పూత రంగు. దీని కథ విచిత్రమైనది. 1890 ప్రాంతాల ఇంగ్లండులో హెరాల్డ్ డెనిస్ టేలర్ అనే లెన్సు శిల్పి, పాతబడి పైన మరక పట్టిన లెన్సులు కొత్తవాటికన్న ఎక్కువ వెలుతురు లోపలికి పంపుతున్నాయని గమనించాడు. ఆ మరక వెలుతురు వెనక్కి తిరిగిపోకుండా ఆపుతున్నదన్నమాట. 1935లో జర్మనీలో జైస్ కంపెనీకి చెందిన అలెగ్జాండర్ స్మకులా ఆ పనిని శూన్యంలో పూత వేసే పద్ధతిగా మార్చాడు. ఇలాంటి ఒక వరస పూత మందం సుమారు మిల్లీమీటరులో 10,000వ వంతు. పంచె కొంగుతో పరపరా రుద్దేటప్పుడు మనం రుద్దుతున్నది దీన్నేనని గుర్తుంచుకోవాలి.

గాజు మీద ఇసుకరేణువు ఉండగా గుడ్డతో తుడిస్తే, ఆ గుడ్డే ఉప్పుకాగితం అవుతుంది. అంచేత మొదట రబ్బరు బుడ్డితో గాలి కొట్టాలి. నోటితో ఊదితే తుంపర పడుతుంది. ఆ తరవాత మెత్తని కుంచెతో దులపాలి. అప్పటికీ వేలిముద్ర ఉంటే లెన్సు ద్రావకం ఒక చుక్క గుడ్డమీద వేసి, నడిమి నుంచి అంచులకు సున్నాలు చుడుతూ మెల్లగా తుడవాలి. ద్రావకం గాజుమీదనే పోస్తే అంచు సందుల్లోంచి లోపలికి దిగుతుంది.

మరొక సంగతి చెప్పాలి. ముందు గాజు మీద నాలుగు దుమ్ము కణాలుంటే ఫోటోకు కలిగే నష్టం దాదాపు ఏమీ లేదు. దినానికి నాలుగుసార్లు తుడిస్తే మాత్రం నష్టముంది. వెనక గాజు మీది మరకే ఎక్కువ చెరుపు చేస్తుంది, మనం చూడనిది అదే.

ఫోటోలన్నిటిలోనూ ఒకేచోట నల్లని చుక్క వస్తున్నదా? అది లెన్సు మీది దుమ్ము కాదు, లోపలి సెన్సారు మీది దుమ్ము. రుజువు కావాలంటే ఎఫ్ 16 దగ్గర పెట్టి, మబ్బులేని ఆకాశాన్ని ఫోకసు లేకుండా తీసి చూడండి. లెన్సు బొమ్మను తలకిందులు చేస్తుంది కనక, ఫోటోలో పైన కనిపించే చుక్క సెన్సారు మీద కింది భాగంలో ఉంటుంది. నిండు బ్యాటరీ వేసి, మెనూలోని శుభ్రపరిచే పద్ధతి ఎంచుకుని, నోరు కిందికి పెట్టి రబ్బరు బుడ్డితో గాలి కొట్టండి. డబ్బాల్లో వచ్చే వత్తిడి గాలి వాడవద్దు. అందులోంచి ద్రవం చిమ్ముతుంది. గాలికి పోని మరకను తుడిచే పని అనుభవమున్నవారికి వదిలేయండి.

మన ఊళ్ళ శత్రువులు

మన ప్రాంతంలో కెమేరాకు శత్రువులు ముగ్గురు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రపు టూళ్ళలో ఉప్పుగాలి. తెలంగాణలోనూ రాయలసీమలోనూ వేసవి దుమ్ము. అన్నిచోట్లా వర్షాకాలపు తేమ. సముద్రపొడ్డున ఫోటోలు తీసి వచ్చిన రోజున, మంచినీళ్ళలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో కెమేరా పై భాగం తుడిచి, వెంటనే పొడి గుడ్డతో తడి ఒత్తేయాలి. ఉప్పు ఒక రాత్రి నిద్రపోతే తెల్లారేసరికి బలిసిపోతుంది.

తేమ దీనికన్న మాయదారి శత్రువు. గాలిలో తేమ నూటికి 60 పాళ్ళు దాటి చాలా రోజులు ఉంటే, లెన్సు లోపల బూజు పడుతుంది. సాలెగూడు దారాల్లాగా పాకి, చివరకు ఆ పలచని పూతనే తినేస్తుంది. అప్పుడు తుడిచినా మచ్చ పోదు. తోలుసంచులు చూడడానికి అందంగా ఉంటాయి గాని, చెమ్మ పీల్చుకుని బూజును పెంచి పోషిస్తాయి. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ గింజలు, తేమ కొలిచే చిన్న పరికరం ఉంటే చాలు. తేమ 40 నుంచి 50 పాళ్ళ మధ్య ఉండాలి. మరీ ఎండగట్టడమూ మంచిది కాదు. నీలిరంగు గింజలు తేమ పీల్చి గులాబీరంగుకు తిరుగుతాయి. ఆ రంగు కోబాల్టు లవణం వల్ల వచ్చేది, విషపదార్థం కనక పిల్లలకు అందనీయవద్దు, వంటపాత్రల్లో వేడిచేయవద్దు. కొందరు బియ్యండబ్బాలో కెమేరా పెడతారు. బియ్యపు పిండి సందుసందుకూ పట్టడం తప్ప దానివల్ల ఒరిగేది తక్కువ.

ఏసీ గదిలోంచి ఒక్కసారిగా ఎండలోకి కెమేరా తీసుకువచ్చినా గాజు చెమటపడుతుంది. సంచి మూసి ఉంచి, బయటి వేడికి అలవాటుపడ్డాక తెరవాలి. అన్నిటికన్న ముఖ్యం, కెమేరాను బీరువాలో నెలల తరబడి దాచకపోవడం. వారానికొకసారి తీసి, గాలి తగలనిచ్చి, నాలుగు ఫోటోలు తీస్తే అదే దానికి మందు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. రబ్బరు బుడ్డి ఒకటి, మెత్తని గుడ్డలు రెండు, చిన్న సీసాలో ఆల్కహాల్, అదనపు బ్యాటరీ ఒకటి సంచిలో వేసుకుంటే సగం ఆపదలు ఆదిలోనే పోతాయి. పెళ్ళికి ముందు రోజు రాత్రి లెన్సులన్నీ ఒకసారి బిగించి, తెరిచి ఒక ఫోటో, మూసి ఒక ఫోటో తీసి చూసుకోవాలి. అందుకు పట్టేది పది నిమిషాలు. చెడిన కెమేరాను ఎలాగో బాగుచేయించుకోవచ్చు. అక్షతలు వేస్తూ కళ్ళు తుడుచుకున్న ఆ తాతగారి ముఖాన్ని మాత్రం, ఆ క్షణం దాటాక, ఏ మెకానిక్కూ తెచ్చి ఇవ్వలేడు.